బడిలో తల్లిదండ్రుల చోటు

(గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి స్మారక ఉపన్యాసం)



గిడుగువారి పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా వాడుక భాష గురించి మాట్లాడతారు. ఆ పని నాకంటే బాగా చేయగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయనలోని బడిపంతుల్ని తలుచుకుంటాను. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, ఇరవై ఏళ్లు నిండకముందే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన మనిషి ఆయన. ఆ ఊరి చుట్టూ కొండల్లో సవర గిరిజనులు ఉన్నారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలని ఆయనకు అనిపించింది. ముందు తెలుగు నేర్చుకుని రండి, తర్వాత చూద్దాం అని ఆయన అనలేదు. తానే కొండలెక్కి వాళ్ల మాట నేర్చుకున్నారు. అక్కడ మలేరియా పట్టుకుంది, క్వినైను మింగారు, దాంతో చెవులు వినిపించకుండా పోయాయి. అయినా పని ఆపలేదు. సవర భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకొద్దని, ఆ డబ్బుతో బడి పెట్టి నడపమని అడిగారు. 1940 జనవరి 22న కన్నుమూసేదాకా ఆయన పంతులుగానే బతికారు.

పిల్లవాడు ఏ ఇంటి నుంచి వస్తున్నాడో ముందు తెలుసుకుని, తర్వాత బడి సంగతి ఆలోచించిన మనిషి పేరున ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం, పిల్లలకు నలుగురితో మెలిగే నేర్పు, తమ మనసును తాము పట్టుకునే నేర్పు బడిలో ఎలా వస్తాయి, అందులో ఇంటివాళ్ల పాత్ర ఏమిటి అన్నది.

1

ముందు ఈ నేర్పు అంటే ఏమిటో తేల్చుకుందాం. ఆరో తరగతి పిల్లవాడి పెన్ను పక్కవాడు లాక్కున్నాడు. వీడు వాణ్ణి కొట్టవచ్చు. ఏడుస్తూ కూర్చోవచ్చు. సాయంత్రం ఇంటికెళ్లి నాన్నను తీసుకొచ్చి గొడవ పెట్టించవచ్చు. లేదా నిలబడి, "నా పెన్ను ఇచ్చెయ్యరా, నేను రాసుకోవాలి" అని అడగవచ్చు. ఈ నాలుగో పని చూడ్డానికి చిన్నదే. కానీ అది చేయాలంటే తనకు కోపం వచ్చిందని వాడికి తెలియాలి, ఆ కోపాన్ని కాసేపు ఆపుకోవాలి, పక్కవాడు ఎందుకు లాక్కున్నాడో ఊహించాలి, గొడవ కాకుండా మాట్లాడాలి, ఇవ్వకపోతే ఏం చేయాలో తేల్చుకోవాలి. 1994లో అమెరికాలో ఏర్పడిన కాసెల్ అనే సంస్థ ఇలాంటి ఐదింటినే కలిపి సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చింది.

పెన్ను దగ్గర ఈ నేర్పు రాని పిల్లవాడికి పదిహేడో ఏట ఫలితాల రోజున హఠాత్తుగా వస్తుందా? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక పిల్లలు ప్రాణాలు తీసుకున్న రోజులు ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాటి గురించి ఎక్కువ మాట్లాడను. ఆ ఇళ్ల బాధ మీద ఉపన్యాసం చెప్పడానికి నాకు నోరు రాదు. అయితే ఒక మాట చెప్పాలి. ఈ చావులన్నిటికీ పిల్లలకు నేర్పు లేకపోవడమే కారణమని నేను అనడం లేదు. ఫలితాన్ని ప్రాణంతో ముడిపెట్టింది పెద్దలమే. పిల్లవాడికి ధైర్యం నేర్పి, వాడి మీద బరువు మాత్రం అలాగే ఉంచితే అది న్యాయం కాదు.

పిల్లలకు ఈ నేర్పు ఎలా రావాలన్నదానికి మనం ఇప్పటిదాకా ఇచ్చిన జవాబు ఒక పీరియడ్. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జులైలో హ్యాపీనెస్ కరికులం మొదలైంది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు దానికంటూ ఒక పీరియడ్ పెట్టారు, పరీక్షలు పెట్టలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ "ఆనంద వేదిక" పేరుతో అలాంటిదే పెట్టింది. వీటిని తక్కువ చేసి మాట్లాడను. మార్కుల మాట లేకుండా రోజులో కాసేపు గడవడం పిల్లలకు ఊపిరి ఆడినట్టు ఉంటుంది. ఢిల్లీవాళ్ల పుస్తకాల్లో కథ చెప్పాక ఇంటికెళ్లి చూడు, అడుగు, అర్థం చేసుకో అని ఒక భాగం ఉండేది. నా మటుకు నాకు ఆ కార్యక్రమంలో విలువైనది అదే.

ఎందుకంటే ఈ నైపుణ్యాలు పాఠం వింటే రావు. కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో, ఒకరి మాట ఒకరికి నచ్చనప్పుడు ఎలా తేల్చుకుంటున్నారో పిల్లలు చూస్తారు, అదే చేస్తారు. వాళ్ల కళ్ల ముందుండే పెద్దలు రెండు చోట్లే ఉన్నారు, ఇంట్లో, బడిలో. ఈ ఇద్దరూ కలిసినప్పుడు ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు, ఎవరు మాట్లాడతారు, ఎవరు తలవంచుకుని వింటారు అన్నది పిల్లవాడు చూసే మొట్టమొదటి పాఠం. బడిలో తల్లిదండ్రులకు నిర్ణయాల్లో చోటు దొరికినప్పుడే ఈ చదువు నిలుస్తుందన్నది నా వాదన.

2

ఈ వాదన నేను పుట్టించింది కాదు. యాభై ఏళ్లకు పైగా కిందట ఒక ఊళ్లో చేసి చూసిన పని ఉంది. దాని గురించి కొంచెం తీరిగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

ఆ ఊరు అమెరికాలోని న్యూ హేవెన్. యేల్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. ఆ విశ్వవిద్యాలయంలోని పిల్లల అధ్యయన కేంద్రంలో జేమ్స్ కోమర్ అనే నల్లజాతి వైద్యుడు పనిచేసేవాడు. పిల్లల మానసిక వైద్యుడు. ఆయన 1934లో ఇండియానా రాష్ట్రంలోని ఈస్ట్ షికాగోలో పుట్టాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కూలీ, తల్లి మ్యాగీ ఇళ్లలో పనిచేసేది. ఆవిడ బడి ముఖం చూసింది నామమాత్రం. కానీ ఆ ఇంట్లో ఐదుగురు పిల్లలు కలిసి పదమూడు కాలేజీ డిగ్రీలు తెచ్చుకున్నారు. తర్వాత కోమర్ తన తల్లి జీవితాన్ని ఒక పుస్తకంగా రాశాడు. ఆయన పదేపదే చెప్పిన సంగతి ఒకటుంది. చిన్నప్పుడు ఆయనకు ముగ్గురు స్నేహితులు ఉండేవారు. అదే పేట, అదే ఆదాయం, తెలివిలో ఆయనకేం తీసిపోరు. పెద్దయ్యాక ఒకడు తాగుడుకు బలయ్యాడు, ఒకడి జీవితంలో ఎక్కువ భాగం జైల్లో గడిచింది, ఒకడు మానసిక చికిత్సాలయాల చుట్టూ తిరిగాడు. తేడా ఎక్కడ వచ్చిందని కోమర్ తనను తాను అడుగుతూ వచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర పిల్లల మాట వినే ఇల్లు, బడి దాకా వచ్చి టీచర్‌తో మాట్లాడే తల్లి తనకు ఉన్నారు. వాళ్లకు లేరు.

1968లో ఆయన, ఆయన బృందం న్యూ హేవెన్‌లోని రెండు ప్రాథమిక పాఠశాలల్లో అడుగుపెట్టారు. దాదాపు అందరూ నల్లజాతి పిల్లలు, బీద ఇళ్ల పిల్లలు. ఊళ్లో 33 బడులుంటే మార్కుల్లో ఈ రెండూ అట్టడుగున 32, 33 స్థానాల్లో ఉన్నాయి. మొదటి ఏడాది పరిస్థితి దారుణంగా ఉంది. తరగతులు అదుపు తప్పాయి, తల్లిదండ్రులు తిరగబడ్డారు, టీచర్లకూ బయటి నుంచి వచ్చిన నిపుణులకూ పడలేదు. యేల్ నుంచి తెచ్చిన కొత్త బోధన పద్ధతులేవీ ఆ గొడవలో నిలవలేదు.

అప్పుడు కోమర్ గమనించింది ఇది. ఈ పిల్లల్లో చాలామంది తమ వీధిలో బతకడానికి పనికొచ్చే పద్ధతులే బడికి తెస్తున్నారు. వీధిలో ఎవడైనా మీదికొస్తే తిరగబడకపోతే అక్కడ బతకడం కష్టం. బడిలో అదే పని చేస్తే చెడ్డ పిల్లవాడు. టీచర్ శిక్షిస్తుంది. ఇంటివాళ్లు తమ బిడ్డను అవమానించారని బడి మీద కోపం పెంచుకుంటారు. ఇల్లు చెప్పేదొకటి, బడి చెప్పేదొకటి అయినప్పుడు పిల్లవాడు ఎవరినో ఒకరిని వదులుకోవాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడు అమ్మను వదులుకోడు కదా. బడినే వదులుకుంటాడు.

1988లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన చెప్పిన ఒక ఉదంతం మా టీచర్లందరికీ చెప్పాలనిపిస్తుంది. ఉత్తర కరోలినా పల్లె నుంచి ఎనిమిదేళ్ల పిల్లవాడిని ఇంట్లో పెద్దవాళ్లు పనికి పోతూ పోతూ ఈ బడిలో దించి వెళ్లారు. కొత్త ఊరు, కొత్త బడి. టీచర్‌కు అప్పటికే కొత్తగా చేరిన పిల్లలతో చేతినిండా పని ఉంది. వీణ్ణి చూడగానే ఆమె ముఖంలో విసుగు కనిపించింది. పిల్లవాడు బెదిరిపోయి ఆమె కాలు మీద తన్ని బయటికి పారిపోయాడు. మామూలుగా అయితే శిక్ష, ఇంకా తన్నితే పెద్ద శిక్ష. ఇక్కడ బృందమంతా కూర్చుని, తెలిసినవాళ్లు ఒక్కరూ లేని చోట వదిలేస్తే ఆ వయసు పిల్లవాడికి ఎలా ఉంటుందో ఆలోచించారు. ఆ తర్వాత కొత్తగా చేరే ప్రతి పిల్లకూ బడిని చూపించి, తరగతికి పరిచయం చేసి, తోడుగా ఒకరిని ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒక్క పిల్లవాడి తన్ను బడి పద్ధతిని మార్చింది. అలా మార్చగలిగింది ఎందుకంటే తప్పెవరిదని ఆ బృందం వెతకలేదు.

ఆ బృందం ఎలా ఏర్పడిందన్నదే ఈ కథలో అసలు సంగతి. ప్రిన్సిపాల్, టీచర్లు ఎన్నుకున్న టీచర్లు, తల్లిదండ్రులు ఎన్నుకున్న తల్లిదండ్రులు, మానసిక ఆరోగ్యం తెలిసినవారు ఒకరు కలిసి బడిని నడిపే సంఘం అయ్యారు. వాళ్లు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఎవరినీ తప్పుపట్టకూడదు, సమస్యను మాత్రమే చూడాలి. ఓటు వేసి ఒకరిని ఓడించకూడదు, అందరికీ ఒప్పుదల అయ్యేదాకా మాట్లాడుకోవాలి. ప్రిన్సిపాల్‌ను ఎవరూ కట్టిపడేయకూడదు, ప్రిన్సిపాల్ ఎవరి మాటనూ తోసిపుచ్చకూడదు. ఈ సంఘం కింద తల్లిదండ్రుల పని మూడు రకాలుగా సాగింది. కొందరు సంఘంలో ఉండేవారు, కొందరు తరగతుల్లో టీచర్లకు సాయంగా పనిచేసేవారు, ఎక్కువమంది బడి పండుగలకు, సమావేశాలకు వచ్చేవారు. పిల్లలు ఏడాదికోసారి టీచర్ మారకుండా ఒకే టీచర్ దగ్గర రెండేళ్లు ఉండే ఏర్పాటు కూడా చేశారు. నమ్మకం కుదిరే వేళకు చెయ్యి మారిపోవడం ఇలాంటి పిల్లలకు మంచిది కాదని వాళ్లకు అర్థమైంది.

ఇదంతా అయ్యాకే, 1977లో, సామాజిక నైపుణ్యాల పాఠ్యక్రమం మొదలైంది. బండికి ముందు ఎద్దు ఉండాలన్న సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కానీ విద్యా కార్యక్రమాల్లో మనం మరిచిపోయేది అదే. తల్లిదండ్రులను కూర్చోబెట్టి, మీ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉండాలనుకుంటున్నారు, అందుకు బడిలో ఏం నేర్పాలి అని అడిగారు. వాళ్లు చెప్పినదాని నుంచి రాజకీయాలు, ప్రభుత్వం, వ్యాపారం, ఆరోగ్యం, తీరిక వేళ లాంటి విభాగాలు తయారయ్యాయి. ఆ ఏడాది ఊళ్లో మేయర్ ఎన్నికలు వచ్చాయి. పిల్లలు అభ్యర్థులకు ఆహ్వానం రాశారు. బస్సెక్కి ఊరు తిరిగి రోడ్లు, ఇళ్లు ఎలా ఉన్నాయో చూశారు. అభ్యర్థులు బడికి వస్తే పిల్లలే ఎదురెళ్లి తీసుకొచ్చారు, అవమానించకుండానే గట్టి ప్రశ్నలు అడిగారు, తర్వాత ధన్యవాదాలు చెబుతూ ఉత్తరాలు రాశారు. ఉత్తరం రాయడంలో భాష వచ్చింది, ఊరు తిరగడంలో సాంఘికశాస్త్రం వచ్చింది, కొత్త మనిషి ముందు బెదరకుండా నిలబడటం వచ్చింది. ఆ పని తయారీలో తల్లులు ఉన్నారు కాబట్టి అదే మాట ఇంట్లోనూ నడిచింది.

1984 నాటికి ఆ రెండు బడుల నాలుగో తరగతి పిల్లలు ఊరి బడులన్నిటిలో మూడు, నాలుగు స్థానాలకు చేరారు. పేటలో బీదరికం మాత్రం అలాగే ఉంది.

3

ఒక్క ఊరి కథ మీద ఇంత వాదన నిలబెట్టవచ్చా అని మీకు సందేహం రావాలి. రావడమే మంచిది.

2011లో జోసెఫ్ డర్లాక్, రోజర్ వైస్‌బర్గ్ తదితరులు ఈ నైపుణ్యాల మీద బడుల్లో జరిగిన 213 కార్యక్రమాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. అందులో 2,70,034 మంది పిల్లలు ఉన్నారు. నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా సగటున 11 పర్సంటైల్ పాయింట్లు ముందుకు వెళ్లారు. అంటే నూరుమందిలో సరిగ్గా మధ్యలో ఉండే పిల్లవాడు ఇంకో పదకొండు మందిని దాటాడన్నమాట. ఈ అంకె అందరూ చెబుతారు. నిపుణులు రాసే ప్రతి నివేదికలోనూ కనిపిస్తుంది.

అదే అధ్యయనంలో తక్కువగా చెప్పుకునే సంగతి ఇంకొకటి ఉంది. తరగతి గదితో ఆగిన కార్యక్రమాల కంటే, ఇంటినో ఊరినో కూడా కలుపుకున్నామన్న కార్యక్రమాలు ఎక్కువ ఫలితం ఇవ్వలేదు. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యం కదా అని మీరు అడగవచ్చు. అలాంటి కార్యక్రమాల్లో అమలు సరిగ్గా సాగక ఉండవచ్చని ఆ పరిశోధకులే రాశారు. దానికి నా అనుభవం కూడా కలిపి చెబుతాను. ఇంటిని కలుపుకున్నామని మనం చెప్పేది సాధారణంగా ఏమిటి? ఇంటికి ఒక కాగితం పంపడం, ఏడాదికి రెండుసార్లు సమావేశం పెట్టి మైకులో చెప్పడం, ఒక వాట్సాప్ గ్రూపు. చెప్పేది బడి, వినేది ఇల్లు. దానివల్ల ఫలితం లేదంటే నాకు ఆశ్చర్యం లేదు. న్యూ హేవెన్‌లో జరిగింది వేరు. అక్కడ ఇల్లు మాట్లాడింది, బడి విన్నది, ఇద్దరూ కలిసి తేల్చారు.

4

ఇక మన దగ్గరికి వద్దాం.

పలాస వైపు ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్లాను. ఒక తల్లి వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పని, వేళ్ల చివర్లు జీడి సొన అంటి నల్లగా మాడినట్టున్నాయి. టీచర్ బల్లకు అవతల కూర్చున్నారు. ఇవతల కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు, ఎవరూ కూర్చోమనలేదు. లెక్కల్లో వచ్చిన మార్కులు చదివారు. "క్లాసులో ఎవరితోనూ కలవడమ్మా, అడిగినా నోరు విప్పడు" అన్నారు. ఆమె విని, వెనక్కి తిరిగి, పక్కనే ఉన్న కొడుకు చెంప మీద ఒకటి వేసింది. "బయం లేదు బాబూ ఈడికి, మీరూ కొట్టండి" అంది. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసి బయటికి నడిచింది. అందరి ముందూ దెబ్బ తిన్న ఆ పిల్లవాడు అక్కడే నిలబడి ఉన్నాడు. సమావేశం జరిగినట్టు రిజిస్టరులో రాసుకున్నారు.

వరండాలో ఆమెను ఆపి, ఇంట్లో వీడు ఎలా ఉంటాడమ్మా అని అడిగాను. ఆమె ముఖం మారింది. "నాను పొద్దున్నే పిక్కలకి ఎల్లిపోతాను బాబూ. సంటిదాన్ని ఆడే సూసుకుంటాడు. అది ఏడిస్తే గబుక్కున ఎత్తుకోడు. పక్కన కూకుంటాడు. అదే ఊరుకుంటాది" అంది.

మిత్రులారా, ఆ మాట మళ్లీ వినండి. ఏడుస్తున్న పసిపిల్లను గద్దించకుండా, కంగారుపడకుండా, తను స్థిమితంగా పక్కన కూర్చుని ఆమె స్థిమితపడేదాకా ఆగడం. పన్నెండేళ్ల పిల్లవాడు. ఏ శిక్షణ తరగతిలోనైనా మన టీచర్లకు నేర్పించాలని చూసే నైపుణ్యం అదే. బడికి దాని సంగతి తెలియదు. ఎవరితోనూ కలవడని రాసుకుంది. ఆ తల్లిని అడిగితే ఆరో తరగతి చిన్నపిల్లల బాధ్యత ఒకటి ఆ అబ్బాయికి ఇవ్వవచ్చు, అక్కడి నుంచి వాడి నోరు విప్పించవచ్చు.

తల్లిదండ్రులను పిలవడానికి మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. కోమర్ రెండు బడుల్లో పట్టుబట్టి సాధించింది మన చట్టంలో దేశం మొత్తానికీ రాసి ఉంది. అదే చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010లో కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనల్లో, పిల్లల మీద శారీరక, మానసిక వేధింపు జరిగితే అధికారుల దృష్టికి తీసుకెళ్లడం కమిటీ పని అని కూడా ఉంది. అంటే బడిలో పిల్లల మనసు ఎలా ఉందన్నది కమిటీ చూసుకోవలసిన విషయమే.

కానీ మన కమిటీల్లో ఏం మాట్లాడుతున్నాం? మరుగుదొడ్లు, ప్రహరీ గోడ, మధ్యాహ్న భోజనం, బిల్లులు. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘాల నాయకురాళ్లు అధ్యక్షులు. వాళ్లకు అప్పగించింది కూడా ముఖ్యంగా మరమ్మతులు, సౌకర్యాల పనే. ఇవి చిన్నవని అనను. మరుగుదొడ్డి లేని బడిలో ఆడపిల్ల గౌరవం గురించి పాఠం చెప్పడం సిగ్గుచేటు. అయితే గోడ కట్టించడానికి పనికొచ్చిన ఆ తల్లి, పిల్లలతో ఎలా మాట్లాడాలన్న విషయంలో ఎందుకు పనికిరాదు?

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. 2025 జులై 10న మళ్లీ జరిగింది. బడి గేటు దాటి లోపలికి రావడానికి జంకే తల్లిదండ్రులు లక్షల మంది ఆ రోజుల్లో లోపలికి వచ్చారు. అది మంచి పని, నిస్సంకోచంగా చెబుతాను. పండుగలా పిలిచిన ఆ పిలుపు తర్వాత మామూలు రోజున, పదిమందితో, మైకు లేకుండా కూర్చునే సమావేశం రావాలి. మార్పు వచ్చేది అక్కడే.

5

ఇప్పటిదాకా ప్రభుత్వ బడుల గురించే మాట్లాడాను. యాజమాన్య కమిటీ నిబంధన ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు వర్తించదు. మన రెండు రాష్ట్రాల్లో మధ్యతరగతి పిల్లలు ఎక్కువగా ఉన్నది అక్కడే. అక్కడ తల్లిదండ్రులు కుర్చీలో కూర్చుంటారు, వాళ్లకు కాఫీ కూడా ఇస్తారు. కానీ వాళ్లను పిలిచేది ఫీజుకు, ర్యాంకుకు. రెసిడెన్షియల్ కాలేజీల్లో సంగతి ఇంకా కఠినం. పిల్లలు ఇంటి గొంతు వినేది వారానికోసారి, వార్డెన్ పక్కనే నిలబడి ఉండగా, వెనక వరసలో పదిమంది తమ వంతు కోసం ఎదురుచూస్తుండగా. ఔటింగ్ రోజున అమ్మ పులిహోర తెస్తుంది, నాన్న మార్కులు అడుగుతాడు, రెండు గంటల్లో అయిపోతుంది. పిల్ల "బాగానే ఉన్నాను" అంటుంది. ఇంకేమనగలదు?

2025 జులై 25న సుప్రీంకోర్టు విశాఖపట్నంలో నీట్‌కు తయారవుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం కేసులో తీర్పు ఇస్తూ విద్యాసంస్థలకు, కోచింగ్ కేంద్రాలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దంది. అందరి ముందు అవమానించవద్దంది. తల్లిదండ్రులకు కూడా అవగాహన కల్పించాలంది. ఈ తీర్పు మన విశాఖపట్నం నుంచి వెళ్లిన కేసులో వచ్చింది. దీన్ని అమలు చేయించే బాధ్యత అందరికంటే ముందు మన మీద ఉంది.

6

కొన్ని అభ్యంతరాలు నాకు ముందే వినిపిస్తున్నాయి. ఇంట్లోనే కొట్టుకుంటారు, తాగుతారు, అలాంటి ఇంటిని బడిలోకి తెచ్చి ఏం నేర్పిస్తారు అని ఒక టీచర్ మిత్రుడు అడిగారు. నిజమే, ప్రతి ఇల్లూ మంచి ఇల్లు కాదు. కొన్ని ఇళ్లలో పిల్లకు ఆపద ఇంటి నుంచే వస్తుంది. అలాంటి చోట 1098కి ఫోన్ చేయడం టీచర్ కర్తవ్యం, అందులో తటపటాయింపు ఉండకూడదు. కానీ ఆ కొద్ది ఇళ్లను చూపించి మిగతా ఇళ్లన్నిటికీ తలుపు మూయడం తప్పు. పైగా బడి మాత్రం ప్రతిసారీ మంచి బడేనా? పేరు బదులు కులంతో పిల్లవాణ్ణి పిలిచే చోటు, ఇంటి యాసకు నవ్వే చోటు, పాసయ్యేవాళ్లను, కానివాళ్లను వేరు వేరు వరసల్లో కూర్చోబెట్టే చోటు కూడా ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టకూడదన్న కోమర్ కట్టుబాటు టీచర్లకు ఎంత రక్షణో, ఇళ్లకూ అంతే.

రెండోది టీచర్ల మీద భారం. యాప్‌లు, ఫొటోలు, నివేదికలు, వీటి మధ్య ఇంకొకటా అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. ప్రభుత్వం ఈ పనిని కూడా ఒక యాప్‌లో నింపమంటే మొదటి రోజే ఇది చచ్చిపోతుంది. టీచర్లకు కొత్త పని ఇచ్చేముందు పాత పని ఒకటి తీసేయాలి.

మూడోది కూలి పోతుందని. ఒక పూట సమావేశానికి వస్తే ఒక పూట కూలి పోతుంది. దీనికి జవాబు చాలా సులువు. సమావేశం సాయంత్రం పెట్టాలి, లేదా పేటలోకి వెళ్లి పెట్టాలి. టీచర్ ఒక్కసారి ఇంటికి వస్తే పిల్లకు అది ఎన్నాళ్లు గుర్తుంటుందో ఇక్కడున్న పెద్దలకు చెప్పాలా?

7

అందుకని ఈ సభ ముందు కొన్ని కోరికలు పెడుతున్నాను. వీటికి జీవోలు అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయుడు తలుచుకుంటే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.

ప్రతి సమావేశంలో మార్కుల కంటే ముందు ఒక ప్రశ్న అడగండి. ఇంట్లో మీ బిడ్డ ఏం చేస్తాడు, ఏం చూసి సంతోషపడతాడు, దేనికి భయపడతాడు. ఆ జవాబు రాసుకోండి. తర్వాతి సమావేశంలో దాన్నిబట్టి మీరు చేసిన పని ఒకటి చెప్పండి. పిల్లల ముందు తల్లిదండ్రులను నిలబెట్టకండి, తల్లిదండ్రుల ముందు పిల్లలను దోషుల్లా నిలబెట్టకండి.

యాజమాన్య కమిటీ అజెండాలో ఒక అంశం శాశ్వతంగా పెట్టండి. ఈ నెల బడిలో పిల్లల మధ్య ఏ గొడవలు వచ్చాయి, వాటిని ఎలా తీర్చాం, ఎవరైనా పిల్లలు మానేశారా, ఎందుకు. ఎవరి పేరూ బయటపెట్టకుండా మాట్లాడుకోవచ్చు. కమిటీలో ఉన్న తల్లులు కోపాన్ని ఎలా దించాలో పిల్లలకు చెప్పే సందర్భాలు కల్పించండి. మన ఊళ్లలో నలుగురి తగువులు తీర్చే అమ్మమ్మలు ఉన్నారు. వాళ్లను శనివారం బడికి పిలిచి ఒక తగువు ఎలా తీర్చారో చెప్పమనండి. ఆ కథలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

కొత్తగా చేరే పిల్లకు, ముఖ్యంగా వలస కుటుంబాల పిల్లకు, ఆశ్రమ పాఠశాలకు కొండ దిగి వచ్చే సవర, జాతాపు పిల్లకు మొదటి వారం తోడుగా ఒక పెద్ద తరగతి విద్యార్థిని ఇవ్వండి. ఆ పిల్ల భాష మాట్లాడగలిగిన వాళ్లను ఇవ్వండి.

ప్రైవేటు బడులకు ఫీజు కడుతున్న తల్లిదండ్రులకు నా విన్నపం. ర్యాంకు గురించి అడిగే హక్కు మీకు ఉన్నట్టే కౌన్సెలర్ ఎవరు, ఎన్నాళ్లకోసారి పిల్లలతో మాట్లాడతారు, బ్యాచ్‌లు ఎలా విడగొట్టారు అని అడిగే హక్కు కూడా ఉంది. సుప్రీంకోర్టు తీర్పు కాగితం చేతిలో పట్టుకుని అడగండి. ఒక్కరు అడిగితే పట్టించుకోకపోవచ్చు, పదిమంది కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఆదివారం ఫోన్‌లో మార్కులు అడగకండి. ఏం తిన్నావు, ఎవరితో ఆడుకున్నావు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. పిల్ల గొంతులో తేడా వినిపిస్తే ఆ రోజే వెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళలోనైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు కాదు. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోన్లలో రాసుకోండి, మీ బడి నోటీసు బోర్డు మీద కూడా రాయించండి.